డెస్మండ్ అడగని ఇరవై

మార్చి రెండో ఆదివారం ఉదయం డెస్మండ్ రౌట్లెడ్జ్ కార్లైల్ నుంచి వైట్‌హేవెన్‌కు నడిపిన రెండు పెట్టెల రైల్లో ముగ్గురే ప్రయాణికులు. వాళ్లలో ఒకాయన దారిలోనే దిగిపోయాడు.

అక్కడి డ్రైవర్లకు ఆదివారం పనిదినాల్లోకి రాదు. ఎవరైనా ఇష్టపడి జాబితాలో పేరు రాసుకుంటే బండి నడుస్తుంది, లేకపోతే రద్దవుతుంది. డెస్మండ్ పన్నెండేళ్లుగా పేరు రాస్తూనే ఉన్నాడు. ఏడాదికి ఇరవై నాలుగు ఆదివారాలు. ఒక్కోదానికి కోతలన్నీ పోను రెండు వందల పౌండ్లు చేతికొస్తాయి. ఆ డబ్బు ఇంటి ఖర్చుకు ముట్టుకోకుండా తను విడిగా తీసుకున్న పెన్షన్‌లో వేస్తాడు. అరవై నిండగానే ఉద్యోగం మానేసి, రైల్వే పెన్షన్ పూర్తిగా అందేదాకా దాంతో నెట్టుకురావాలని అతని ఆలోచన. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ నీదేనని భార్య గ్లెండాకు మాటిచ్చాడు. సెప్టెంబరుకు అతనికి అరవై నిండుతాయి.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి డ్రైవర్ల గదిలో తోటి డ్రైవరు షీనా ఎలియట్ ఏవో కాగితాలు ముందేసుకుని కూర్చుంది. రైళ్లలోకి రాకముందు ఆమె ఒక ఫ్యాక్టరీలో జీతాల గుమాస్తా.

"ఆదివారం పూట పరీక్షలా, పిల్లా?" అంటూ డెస్మండ్ టీ పెట్టుకున్నాడు.

"పన్నాఫీసుకు ఉత్తరం. పెన్షన్ మీద పన్ను రాయితీ కోసం."

"నా బతుకులో వాళ్లకు ఒక్క ముక్క రాయలేదు. మా నాన్నా రాయలేదు. జీతంలోంచి కోసుకుంటారు, సరిపోయింది. ఫారాలు నింపేది కొట్లు పెట్టుకున్నవాళ్లు, ఏదో దాచుకున్నవాళ్లు."

"నువ్వూ సొంత పెన్షన్ కడతావుగా? రాయితీ ఎవరు తెస్తున్నారు?"

"పెన్షన్ కంపెనీ వాళ్లే. ఏటా కాగితం పంపుతారు, అందులో ఉంటుంది. నేను ఎనభై కడితే ఇరవై కలిపి వంద చేస్తారు."

"బాగుంది. నీ జీతంలో పై ముక్క మీద నీకు నూటికి పడే పన్నెంత?"

"నలభై. ఏడుస్తూ కడుతున్నా."

"పెన్షన్‌లో వేసిన డబ్బుకు పన్ను మొత్తం వెనక్కి రావాలి. కంపెనీ తెచ్చేది ఇరవై. మరి రెండో ఇరవై?"

"అదీ వాళ్లే తెస్తారుగా."

"ఎలా తెస్తారు? నీకు నలభై పడుతుందని వాళ్లకెవరు చెప్పారు? అది నువ్వే అడగాలి, డెస్." ఆమె కలం కింద పెట్టింది. "నిజంగా అడగలేదా? ఒక్కసారి కూడా?"

డెస్మండ్ టీ సంచీని కప్పులోనే వదిలేశాడు. ఏటా వచ్చే ఆ కాగితంలో 'పన్ను రాయితీ' అన్న మాట కనబడగానే పక్కన టిక్కు పెట్టి సొరుగులో పడేసేవాడు. పన్నెండు కాగితాలు, పన్నెండు టిక్కులు. కింద చిన్న అక్షరాల్లో ఏముందో ఎప్పుడూ చదవలేదు.

"ఏడాదికి ఎంత కడతావు?" అంది షీనా.

"నాలుగు వేల ఎనిమిది వందలు."

"అంటే పెన్షన్‌లో ఆరు వేలు. అందులో ఇరవై శాతం, పన్నెండు వందలు. ఏటా అంతొచ్చేది నీకు."

సోమవారం పన్నాఫీసుకు ఫోను చేశాడు. యాభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ పలికింది. మర్యాదగానే మాట్లాడింది. గడిచిపోయిన వాటిలో నాలుగేళ్ల వరకే వెనక్కి వెళ్లడం కుదురుతుందండీ, పన్ను సంవత్సరం ముగిసే ఏప్రిల్ అయిదు దాటితే వాటిలోనూ ఒకటి పోతుంది, ఉత్తరం వెంటనే పంపండి అంది. ఈ ఏడాదిది జీతంలో సర్దుతారట.

"అంతకు ముందు ఏడేళ్లవి?"

"వాటికి గడువు దాటిపోయిందండీ."

ఆ సాయంత్రం కాగితాలన్నీ వంటగది బల్ల మీద పరిచి గ్లెండాకు చెప్పాడు. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తూ వింది.

"ఏడేళ్లకు ఎనిమిది వేల నాలుగు వందలు," అన్నాడు.

"అలా చెప్పకు. ఆదివారాల్లో చెప్పు."

రెండు వందలతో భాగించాడు. "నలభై రెండు."

గ్లెండా కత్తి పక్కన పెట్టింది. "మా చెల్లి సూసన్ యాభయ్యో పుట్టినరోజు ఆదివారమే. నువ్వు రాలేదు, నీ అన్నం పళ్లెం మీద మూత పెట్టి ఇంటికి పంపింది. సిల్లోత్ తీరంలో నేను జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నదీ ఆదివారమే. ఎవరో కుక్కను తిప్పుకుంటున్న ఆయన ఆసుపత్రికి తీసుకెళ్లాడు," అంది.

"నాకు తెలీదు కదా, గ్లెండా."

"తెలీదు. అడిగితే తెలిసేది. పోస్టు స్టాంపు ఖరీదెంతని?"

డెస్మండ్ కలం తీసుకుని ఉత్తరం మొదలుపెట్టాడు. తన పేరూ పుట్టిన తేదీ రాశాక పన్నాఫీసును ఏమని సంబోధించాలో తోచలేదు. ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుని చెప్పింది.

మే మొదటి వారంలో నాలుగు వేల ఎనిమిది వందలకు చెక్కు వచ్చింది. సరిగ్గా ఒక ఏడాది ఆదివారాల సంపాదన. డెస్మండ్ అదే రోజు డిపోకు వెళ్లి జాబితాలోంచి తన పేరు కొట్టేయించాడు. వైట్‌హేవెన్ బండి గతేమిటని గుమాస్తా అడిగితే భుజాలెగరేశాడు.

పదకొండో తేదీ ఆదివారం. ఎనిమిదింటికే గడ్డం గీసుకుని, సిల్లోత్ వెళ్దామని కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. గ్లెండా కోటు వేసుకుని మెట్లు దిగింది.

"ఎక్కడికి?"

"చర్చి గంటలు మోగించడానికి. ఐదేళ్లుగా వెళ్తున్నా, మర్చిపోయావా? తర్వాత అందరం కలిసి భోజనం."

"నేనూ రానా?"

"వచ్చి ఏం చేస్తావు? గంటల గదిలో కూర్చోడానికి బెంచీ కూడా లేదు." ఆమె తలుపు దగ్గర ఆగింది. అతని ముఖం చూసి వెనక్కొచ్చి గోడ మీది క్యాలెండరు పేజీ తిప్పింది. గంటల వంతులు, సూసన్ ఇంటికి వెళ్లే రోజులు, తోటల యాత్ర. వేలు ఒక్కో గడి మీదుగా కిందికి జారింది.

"జూన్ ఇరవై రెండు ఖాళీ," అంది.

డెస్మండ్ కలం తీసుకుని ఆ గడిలో తన పేరు రాశాడు.