తల వంచిన మర్యాద

కొండలెక్కించే గైడు మాస్టారికి ఎత్తుకంటే మర్యాద ముఖ్యం. బూట్ల లేసులు బిగించుకుంటున్న యాత్రికుల ముందు నిలబడి, గుండెమీద చెయ్యేసుకుని, "కొండవాళ్ల ఇళ్ల దగ్గర నోరు మెదపొద్దు. తల వంచి నిలబడండి. వాళ్ల సంస్కృతిని గౌరవించాలి" అని రోజూ చెబుతారు. ఆ కొండవాళ్లలో ఒక్కరి పేరైనా ఆయన అడిగిన పాపాన పోలేదు. ఒకనాడు దారిలోని పెంకుటింటి ముందు అందరిచేతా టోపీలు తీయించి, వరసగా నిలబెట్టారు. పిండి చేతులతో బయటికొచ్చిన ఇంటావిడ ఆ వంచిన తలలు చూసి గుమ్మంలోనే కూలబడింది. ఆమె భర్త పొద్దున్నే లోయ అంచున గడ్డి కోయడానికి వెళ్లాడు.

"మా ఆయనకేమైంది? చెప్పండి బాబూ!"

మాస్టారు తల ఇంకాస్త వంచారు. ఆమె బావురుమంది. ఆ ఏడుపు విని గడ్డిమోపుతో పరుగెత్తుకొచ్చిన భర్త, "ఏమైందే? ఎవరు పోయారు?" అన్నాడు. అతన్ని చూశాక ఆమె కళ్లు తుడుచుకుని మాస్టారి మీద విరుచుకుపడింది.

"నోరుందిగా! బాగున్నారా అని అడిగితే అరిగిపోతుందా?"

మాస్టారికి ముఖం చెల్లలేదు. మర్నాటి ఉపన్యాసంలో మాత్రం కొత్త నియమం చేరింది. "ఇళ్ల దగ్గర 'బాగున్నారా' అని అడగాలి," అన్నారు గంభీరంగా. "అది వాళ్ల ప్రాచీన ఆచారం."