గంగాధరప్ప పదిహేడో రూలు

తాడిపత్రిలో అందరి జబ్బులకూ మందు కలిపి ఇచ్చే కాంపౌండరు గంగాధరప్పకు తనకే ఒక జబ్బు ఉండేది. దానికి ఏ సీసాలోనూ మందు లేదు. ఎక్కడైనా ఇద్దరు మనుషులు కలిసి ఏ పని మొదలుపెట్టినా, దానికి రూలు రాయకుండా ఆయన ఉండలేడు.

మందు సీసా మీద మోతాదు చీటీ అంటించినట్టు ఆయన ఇంట్లో ప్రతిదానిమీదా ఒక రూలు అంటించి ఉండేది. నీళ్ళ బాన మీద, "ముంచిన చెంబు కింద పెట్టరాదు." అరుగు పక్క గోడ మీద, "ఇచ్చట కూర్చున్నవారు ఊరి సంగతులు మాట్లాడవచ్చును. ఊళ్ళోవాళ్ళ సంగతులు మాట్లాడరాదు." చుట్టాలు పడుకునే గది తలుపు మీద వట్టి బస్సుల వేళలు మాత్రమే ఉండేవి. అందులో మూడో రోజు పొద్దున బస్సు కింద ఎర్ర సిరాతో గీత కొట్టి ఉండేది.

ఆయన భార్య హనుమంతమ్మకు చదువు రాదు. "నన్ను బడికి పంపనందుకు మా నాయనకు దినామూ దండం పెట్టుకుంటా. చదువొచ్చింటే ఈ ఇంట్లో కాలు తీసి కాలు పెట్టేకి అయ్యేది కాదు" అనేది.

ఆయన పనిచేసే ఆసుపత్రికి ఎదురుగా మా మామ సైకిల్ షాపు. నేను అందులో పంక్చర్లు వేసేవాణ్ణి. షాపులో ఒక రేడియో ఉండేది. డెబ్బై ఐదో సంవత్సరం మార్చిలో మనవాళ్ళు హాకీలో ప్రపంచ కప్పు గెలిచిన రోజు వీధి వీధంతా ఆ రేడియో మీద పడింది. అంతవరకూ హాకీ అంటే ఏమిటో మాలో సగం మందికి తెలియదు. మరుసటి రోజుకు ఊరి చుట్టూ వంకర కొమ్మ ఉన్న తుమ్మచెట్టు ఒక్కటి మిగల్లేదు. పాత ట్యూబు ముక్కలూ గుడ్డపీలికలూ గట్టిగా చుట్టి బంతి నేనే తయారు చేశాను. మా బండల వీధికి ఒక అదృష్టం ఉంది. బండల పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు పనికిరావని పారేసిన నాపబండలు తెచ్చి వీధంతా పరుచుకున్నాం. బంతి నూనె పూసినట్టు జారిపోయేది.

మొదటి ఆట పది నిమిషాలు కూడా సాగలేదు. ఐదుగురం తలలు పగిలి ఆసుపత్రి బెంచీ మీద వరసగా కూర్చున్నాం. గంగాధరప్ప దూదితో టింక్చరు అద్దుతూ మా జట్టు కెప్టెన్ రంగన్నను అడిగాడు. రంగన్న లారీలకు బండలెత్తే మనిషి. కంఠం కూడా లారీ హారనే.

"ఎవురు కొట్టినారప్పా?"

"బంతిని కొట్టబోయినాడన్నా. నా తలకాయ అడ్డమొచ్చినాది."

"అడ్డమొస్తే రూలేమి?"

"ఏం రూలన్నా?"

గంగాధరప్ప దూది కింద పెట్టేశాడు. కలరా వచ్చిందని విన్నవాడిలా మా వంక చూశాడు. "రూలే ల్యాకుండా ఆడినారా?" అన్నాడు.

మరుసటి రోజు మందు చీటీల వెనకవైపు పదకొండు రూళ్ళు రాసి తెచ్చాడు. నెల తిరిగేసరికి రైల్వే గేటు, బస్టాండు, మగ్గాల వీధి వాళ్ళు కూడా జట్లు కట్టారు. ఆదివారం నాలుగింటికి పోటీలు. రెఫరీ గంగాధరప్పే, ఎందుకంటే రూళ్ళన్నీ తెలిసినవాడు ఆయనొక్కడే. అప్పటికి అవి నలభై మూడయ్యాయి.

కర్ర నడుము దాటి పైకి లేస్తే ఆ ఆటగాడు బయటికి పోయి ఒక టీ తాగి రావాలి. చల్లార్చుకుని తాగాలి, గుటుక్కున మింగి రాకూడదు. బంతి బర్రెకు తగిలి గోల్లోకి పోతే ఆ గోలు బర్రెది, ఏ జట్టుకూ రాదు. తల్లినీ చెల్లినీ తిట్టరాదు. అంతగా తిట్టాలనిపిస్తే వాననూ మునిసిపాలిటీనీ ఎంతసేపైనా తిట్టుకోవచ్చు. ఈ రూలు అందరికీ నచ్చింది. మా ఆట జరిగే రోజు మునిసిపాలిటీకి ఎక్కిళ్ళు ఆగి ఉండవు.

ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో వస్తే కర్రలు కింద పెట్టి పక్కకు నిలబడాలని ఇంకో రూలు. దీన్ని అందరికంటే బాగా వాడుకున్నది నల్లమ్మ. కొళాయి నుంచి వచ్చేటప్పుడు సరిగ్గా వీధి మధ్యలో బిందె దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏం రంగన్నా, మీ అమ్మ మోకాళ్ళెట్లుండాయి?" అని మొదలుపెట్టేది. మోకాళ్ళయ్యాక నడుము, నడుమయ్యాక కళ్ళు. ఇరవై రెండు మంది మగవాళ్ళం ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి రంగన్న తల్లి ఆరోగ్యం వినేవాళ్ళం.

ఇవన్నీ భరించాం. భరించలేకపోయింది పదిహేడో రూలును. "ఆట మధ్యలో రెఫరీ ఎప్పుడు అనుమానపడినా బంతిని తూకం వేయవలెను. తూకం ముగియువరకు అందరూ ఉన్నచోటనే కూర్చొనవలెను."

ఆయన అనుమానానికి వేళాపాళా లేదు. బాగా ఊపు మీద ఉన్నప్పుడే కండక్టరు ఈలలాంటిది ఒకటి కుయ్యిమనేది. మందు పొడులు తూచే చిన్న తక్కెడ పెట్టెలోంచి తీసి, పళ్ళాలు తుడిచి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, ఇత్తడి రాళ్ళు ఒక్కొక్కటే వేసేవాడు. ఐదు నిమిషాలు పట్టేది. ఒక ఆటలో నాలుగైదు సార్లు.

"యాలన్నా ఇది?" అని రంగన్న నెత్తి కొట్టుకునేవాడు.

"గాలిలో తేమకు బంతి బరువెక్కుతాదప్పా."

"తేమ యాడుందన్నా? వాన మొగం చూసి మూడేండ్లాయ!"

"అందుకే గదా, తేమ లేకుంటే బరువు తగ్గుతాది. గమ్మున కూచో."

మా జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు యేసన్న. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోసే మిషను దగ్గర పని. ఆదివారం పొద్దున చర్చికి పోయి, మధ్యాహ్నం గంజి తాగి, నాలుగింటికల్లా కర్ర పట్టుకుని తయారు. సన్నటి మనిషి. పరిగెత్తితే కాళ్ళు బండలకు తగుల్తున్నాయో లేదో అనిపించేది. గోలు కాసే నాకు దూరం నుంచి ఆ పరుగు చూడటమే సగం ఆట.

డెబ్బై ఎనిమిది ఏప్రిల్లో మాకూ రైల్వే గేటుకూ ఫైనలు పడింది. మూడేళ్ళుగా ఆ కప్పు వాళ్ళదే. కప్పంటే హనుమంతమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు, కానీ దాన్ని ఎడ్లబండి మీద ఊరేగించేవాళ్ళు. ఆ రోజు ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. మేడల మీదా గోడల మీదా జనం. చెరొక గోలు అయింది. ఇక పావుగంట ఉందనగా యేసన్న బంతి దొరకబుచ్చుకుని ముగ్గుర్ని దాటేశాడు. ఎదురుగా గోలు కాసేవాడొక్కడే. కర్ర ఎత్తాడు.

ఈల మోగింది.

గంగాధరప్ప తక్కెడ తీశాడు.

రంగన్న ఆయన మీదికి వచ్చిన వేగానికి గోడ మీది జనం కిందికి దూకారు. కొడతాడేమోననుకున్నాం. కొట్టలేదు. ఆయన చంకలోని రూళ్ళ పుస్తకం లాక్కుని, పదిహేడో రూలున్న కాగితం చించి పారేశాడు.

"ఎక్కువ మంది వద్దంటే ఏ రూలైనా తీసెయ్యొచ్చునని నువ్వే రాసినావు గదన్నా! ఈ తూకం వద్దనేటోళ్ళు చేతులెత్తండప్పా!"

రెండు జట్లూ ఎత్తాయి. మేడల మీదివాళ్ళూ ఎత్తారు. రైల్వే గేటు కెప్టెన్ సుంకన్న రెండు చేతులూ ఎత్తాడు. నేనూ ఎత్తాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డ యేసన్న ఒక్కడే ఎత్తలేదు.

గంగాధరప్ప అందరి చేతులూ చూశాడు. తక్కెడ మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆట మళ్ళీ మొదలైంది, ఈసారి ఆపేవాడు లేడు. అటూ ఇటూ, అటూ ఇటూ. ఎనిమిది నిమిషాలు గడిచి ఉంటాయి. పరిగెత్తుతున్న యేసన్న కర్ర జారవిడిచి, గుండె పట్టుకుని బండల మీద కూలబడ్డాడు.

ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాకముందే గంగాధరప్ప అతని దగ్గర ఉన్నాడు. అంత లావు మనిషి అంత తొందరగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. "ఏమీ లేదప్పా, వడదెబ్బ! గాలి రానీయండి" అని అందరికీ వినబడేట్టు అరిచాడు. ఫైనలు వచ్చే ఆదివారానికి వాయిదా అని కూడా ఆ అరుపులోనే చెప్పేశాడు. నేనూ రంగన్నా యేసన్నను ఎత్తుకుని ఆసుపత్రిలోకి మోశాం.

డాక్టరు ఊళ్ళో లేడు. గంగాధరప్ప తలుపు గడియ పెట్టి, యేసన్న వీపుకు దిండు ఆనించి, ఏదో తాగించి, నిదానంగా వీపు నిమురుతూ కూర్చున్నాడు. యేసన్న ఛాతీలోంచి పిల్లి గురగుర వస్తోంది. చాలాసేపటికి అది కాస్త తగ్గింది.

"ఇది వడదెబ్బ కాదు గదన్నా?" అన్నాడు రంగన్న. అతని గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

గంగాధరప్ప యేసన్న వంక చూశాడు. యేసన్నే అన్నాడు, "చెప్పన్నా. ఈళ్ళకు చెప్పొచ్చులే."

"తొమ్మిదేండ్లుగా రాతి పొడి మింగుతాండాడు. లోపల గూడా బండ కట్టదా? డాక్టరు మూడేండ్ల కిందటే చెప్పినాడు. బయట తెలిస్తే మేస్త్రీ రేపట్నుంచి రావద్దంటాడు. అందుకే నోరు కుట్టుకున్యాం. ఆట మానుకోరా అంటే ఇంటాడా?"

"ఆరు దినాలు ఆ పొడిలోనే ఉంటి కదన్నా" అన్నాడు యేసన్న. "ఒక్క దినమన్నా పరిగెత్తుకోనీ."

"చూసినారా! సరే, నడుమ నడుమ కూచోరా అంటే సిగ్గంటాడు. అందరూ కూచుంటే ఈనికి కూచునేకి సిగ్గేముండాదని నేనే కూచోబెట్టినా." గంగాధరప్ప దిండు సరిచేశాడు. "ఈయప్ప గోలు కొట్టబోతాండాడా, పడబోతాండాడా అని నేను చూడాల. మీరు గోలొక్కటే చూస్తారు."

రంగన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "అయితే బంతి బరువు?" అన్నాడు.

"దానికేం రోగం? మూడేండ్లలో గురిగింజెత్తు గూడా మారలే."

"మరి అన్నిసార్లు అంత కష్టపడి తూచితివే!"

"రూలు రాసినంక తూచకుంటే ఎట్లప్పా?" అన్నాడు గంగాధరప్ప నొచ్చుకుని.

యేసన్న నవ్వాడు, దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు.

ఆదివారం వచ్చింది. రంగన్న చించిన కాగితాన్ని గంజితో అతికించి తెచ్చి, అందరి ఎదుటా గంగాధరప్ప చేతిలో పెట్టాడు. ఆడొద్దని మేం ఎంత చెప్పినా యేసన్న కర్రతో వచ్చి నిలబడ్డాడు. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, రంగన్న చెయ్యెత్తాడు.

"అన్నా, బంతి బరువెక్కినట్టుండాది. తూకం వెయ్యి."

సుంకన్న నోరు తెరిచాడు. "పోయిన వారం చించినోడివి నువ్వే గదప్పా!"

"పోయిన వారం మబ్బు లేదు. నేడుండాది."

అందరం ఆకాశం వైపు చూశాం. కాకి కూడా లేదు. అయినా అందరం కూర్చున్నాం. రంగన్న ఆ రోజు ఆరుసార్లు తూకం అడిగాడు. ఆరోసారి అడిగినప్పుడు బంతి అతని కర్ర దగ్గరే ఉంది, ఎదురుగా గోలు ఖాళీగా ఉంది. రెండు ఒకటితో ఓడిపోయాం. రంగన్నకూ రూళ్ళ జబ్బు అంటుకుందని రైల్వే గేటు వాళ్ళు వారం రోజులు ఆసుపత్రి వైపు రాలేదు.

గంగాధరప్ప మాత్రం అక్కడితో ఊరుకోలేదు. బెళుగుప్పలో ఆయన బావమరిది బయ్యన్న సర్కారు మొక్కల తోటకు కావలి. అతనికి వరసగా ఉత్తరాలు రాశాడు. తొమ్మిది ఉత్తరాలకు తోటలో నీళ్ళు పోసే పని ఒకటి ఖాళీ అయింది. ఏడాది తిరక్కుండా యేసన్న, అతని భార్య చిన్నక్క మూటాముల్లె సర్దుకుని బెళుగుప్ప పోయారు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, రాత్రంతా మేలుకుని తెల్లారేసరికి పడుకునే దగ్గు సాయంత్రం ఒకసారి పలకరించే దగ్గయిందని చిన్నక్క చెప్పి పంపింది.

ఎనభై నాలుగులో యేసన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. తోటలో పనిచేసేవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి హాకీ మొదలుపెట్టారట, మొదటి పోటీకి రెఫరీగా గంగాధరప్పన్నే రావాలట. ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన హుషారుగా జేబులో కాగితాలు తడుముకుంటూనే ఉన్నాడు. "ఆటంటే అక్కడోళ్ళకేం తెలుసు పాపం! మనమే చెప్పాల" అన్నాడు.

యేసన్న కాస్త ఒళ్ళు చేశాడు. ఎదురొచ్చి, దండం పెట్టి, ఒక నోటు పుస్తకం గంగాధరప్ప చేతిలో పెట్టాడు.

"ఏమిది?"

"రూళ్ళన్నా. అరవై రెండు."

గంగాధరప్ప కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. ముఖం ఎర్రబడింది. "ఇన్నేందప్పా? ఇన్ని రూళ్ళుంటే మనిషనేటోడు ఆడేదెప్పుడు?" అన్నాడు.

"నాలుగోది చదువన్నా."

ఆయన చదవలేదు, పుస్తకం నా చేతికి ఇచ్చాడు. నేను గట్టిగా చదివాను. "రెఫరీకి యాభై ఏండ్లు దాటి ఉంటే ఎండలో నిలబడరాదు. పందిరి కింద కుర్చీలో కూర్చొనవలెను. చిన్నక్క ఇచ్చిన మజ్జిగ తాగేదాకా ఆట మొదలుపెట్టరాదు."

"నాకు యాభై యాడ దాటినాయప్పా!" అన్నాడు గంగాధరప్ప.

"యాభై రెండన్నా" అన్నాన్నేను.

మైదానంలో ఇరవై రెండు మంది కర్రలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు, పందిరి వైపు చూశాడు, పెద్ద లోటాతో నిలబడ్డ చిన్నక్క వైపు చూశాడు. సణుక్కుంటూ పోయి కుర్చీలో కూర్చున్నాడు. మజ్జిగ రెండు లోటాలు తాగాడు. రెండోది ఎవరూ తాగమనలేదు, ఆయనే అడిగాడు.