షఫీవుల్లా వేసిన తాళం

తిరుచానూరు రోడ్డులో డీటీపీ సెంటరు నడిపే షఫీవుల్లా నా పాత స్నేహితుడు. అతని దగ్గర ప్రూఫులు దిద్దేవాణ్ణి. పనిమంతుడే, కానీ మహా గడుసువాడు. 1998లో అందరూ వాడే తెలుగు ఫాంటు ఒకటి తీసుకుని, లోపల అక్షరాల చోట్లన్నీ తారుమారు చేసి సొంత ఫాంటు తయారుచేసుకున్నాడు. అతను కంపోజ్ చేసిన ఫైలు ఇంకో షాపులో తెరిస్తే అంతా కలగాపులగం.

"నా ఫైలు నా కాడే తెరుసుకోవాల. పార్టీ మళ్లా నా కాడికే రావాల" అని మీసం దువ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. 

2003లో అతని హార్డ్ డిస్క్ పోయింది. దాంతోపాటే ఆ ఫాంటూ పోయింది. ఎవరి చేతికైనా చిక్కుతుందన్న భయంతో కాపీ కూడా తీసిపెట్టుకోలేదు మహానుభావుడు.

నాలుగేళ్ల తర్వాత సత్యవేడు నుంచి శకుంతలమ్మ ఒక సీడీ పట్టుకుని వచ్చింది. ఆమె భర్త వరదయ్య పశువులకు నాటువైద్యం చేసేవాడు. తన మందుల పుస్తకం షఫీతో కంపోజ్ చేయించి, అచ్చుకు వెళ్లేలోపే కన్నుమూశాడు. రాతప్రతిని చెదలు తినేశాయి. మిగిలింది ఆ సీడీ ఒక్కటే.

షఫీ ఫైలు తెరిచాడు. ఒక్క మాటా అర్థం కాలేదు.

"తప్పు నాదేనమ్మా" అని జరిగిందంతా చెప్పాడు. తలెత్తలేదు.

"మా ఆయన పుస్తకానికి తాళమేసి, చెవి పోగొట్టుకున్న్యావా?" అందామె.

ఆ మాట అతన్ని వదల్లేదు. కళ్లు మూసుకుని, పోయిన ఫాంటులో కొట్టిన అలవాటు మీద ఒక్కో అక్షరం కొట్టేవాడు. తెరమీద ఏ గుర్తు పడిందో నేను రాసుకునేవాణ్ణి. మనిషి మరిచిపోయినా అతని వేళ్లు మరిచిపోలేదు. నెలరోజులకు పట్టిక తయారైంది. దాని ప్రకారం పుస్తకమంతా అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టాడు. అందులోని ఫాంటు మోటుగా ఉందని రెండు రోజులు సణిగాడు. ఎక్కడైనా తెరుచుకునేది అదొక్కటే కాబట్టి చివరికి దానికే ఒప్పుకున్నాడు.

మందు మోతాదులు చెప్పే పావు, అర, ముప్పావు గుర్తులు మాత్రం వేళ్లకూ గుర్తులేవు. అరుదుగా కొట్టినవి. ఊహించి వేస్తే గొడ్డు చచ్చిపోవచ్చు. ఆ చోట్లు ఖాళీగా వదిలేసి, ఆమెకు కబురు పెట్టాడు.

శకుంతలమ్మ వచ్చి కూర్చుని, నేను చదువుతుంటే తడుముకోకుండా చెప్పింది. "ఇంగువ పావు తులం. అర తులమేస్తే దూడ తట్టుకోదు. ఈ మందులన్నీ నూరింది నేనే గదప్పా."

అన్నీ పూరించాక షఫీ కొత్త సీడీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది యాడైనా తెరుసుకుంటాదమ్మా. ఇంక నా కాడికే రావాల్సిన పనిలేదు."

ఆమె సీడీని కొంగులో చుట్టుకుంటూ అంది: "పనుంటేనే రావాల్నా అప్పా?"