కప్పుకెక్కిన తొమ్మిదో నంబరు

మైరన్ కోవల్ ఒకసారి కర్రతో కొట్టిన ఐస్ హాకీ రబ్బరు బిళ్ళ మా రింకు గోడకు కన్నం పెట్టి, రోడ్డు దాటి, పోస్టాఫీసులో పడిందనీ, పోస్టుమాస్టరు దానికి ముద్ర కొట్టి మర్నాడు తిరిగి పంపాడనీ నేనంటే మీరు నమ్మరు. పక్క ఊరు హోల్‌బెక్ వాళ్ళూ నమ్మరు. నమ్మకపోయినా, మైరన్ కర్ర ఎత్తితే చాలు వాళ్ళ గోల్‌కీపర్ దేవుణ్ణి తలుచుకుంటాడు.

మైరన్ మా పాప్లర్ బెండ్ ఐస్ హాకీ జట్టుకు పందొమ్మిది చలికాలాలు కెప్టెన్. పగలు ధాన్యం గిడ్డంగిలో లారీలు తూకం వేస్తాడు. ముందు పళ్ళు ఎప్పుడో మంచు మీదే రాలిపోయాయి. ఆట సాగినంతసేపూ ఆయన కట్టుడు పళ్ళు భార్య డార్లీన్ హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉంటాయి. అందుకే ఆయన రిఫరీని ఏం తిట్టినా ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనకు పెద్దమనిషన్న పేరు ఈ సదుపాయం వల్లే వచ్చిందని నా పరిశోధన. బడి మధ్యలో మానేసినా పరిశోధన మానలేదు నేను.

నలభై ఏడేళ్ళు దాటాక మైరన్ మోకాలు రాజీనామా ఇచ్చింది. ఆయన ఒక్కటే కోరాడు: హోల్‌బెక్‌తో ఆఖరి మ్యాచ్ ఆడి దిగిపోతానని. ఊరు అంతటితో ఊరుకుంటుందా? గొప్ప ఆటగాడు దిగిపోతే అతని జెర్సీని రింకు కప్పుకు వేలాడదీసి, ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకపోవడం మావైపు ఆనవాయితీ. నన్ను పక్కన పెడితే అంత గొప్పవాడు మాకు అప్పటిదాకా దొరకలేదు. కాబట్టి వేలాడదీయడంలో అనుభవమున్నవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

నిజానికి ఆ సన్మానం మ్యాచ్ అయ్యాక జరగాలి. కానీ మా మేయరే మా పశువుల డాక్టరు. ఎవరి కొట్టంలోనో ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఆయనకు ఫోనొచ్చింది. దాంతో సన్మానాన్ని ముందుకు జరిపాం. మైరన్ జెర్సీ విప్పి ఇచ్చాడు. గడ్డి మోపులెత్తే కప్పీకి తాడు వేసి లాగాం. తొమ్మిదో నంబరు ఊగుతూ పైకి పోతుంటే ఊరంతా లేచి నిలబడింది. క్యాంటీన్లో పెరోగీ కుడుములు ఉడికిస్తున్న ఆడవాళ్ళు గరిటెలతో సహా వచ్చి ఏడ్చారు. మేయరు చెయ్యి ఊపి ఆవు దగ్గరికి పరిగెత్తాడు.

రిఫరీ వాలీ ఈల నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"కెప్టెనూ, నీ జెర్సీ ఏదీ?"

అందరం పైకి చూశాం.

మా జట్టులో నంబరుకు ఒక్కటే జెర్సీ. నంబరు లేనివాణ్ణి వాలీ మంచు మీద అడుగు పెట్టనివ్వడు, కన్నతండ్రయినా సరే. తాడు కిందికి లాగబోతే కప్పీ మంచు పట్టి బిగుసుకుపోయింది. భుజాలకు కవచాలు, పొట్ట మీద డార్లీన్ అల్లిన బనీను, ఆ వాలకంలో మైరన్ నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళ ఆట ఆఖరి రోజున కోటు కప్పుకుని బెంచీ మీద కూర్చోవడమేనా అని ఆయన ముఖం అడుగుతోంది. నేను నవ్వు ఆపుకున్నాను. ఇలాంటి త్యాగం ఇంతకుముందెప్పుడూ చేయలేదు.

హోల్‌బెక్ కెప్టెన్ గార్త్ ఫ్రీసన్ జారుకుంటూ వచ్చాడు.

"ఏరా ముసలోడా, మా ఆకుపచ్చది ఇంకోటుంది, తొడుక్కుంటావా? నీ రంగుకి బాగుంటది."

పళ్ళు లేకపోయినా మైరన్ జవాబు ఈసారి అందరికీ స్పష్టంగా వినిపించింది. "అది వేసుకునేకంటే ఇలాగే చలికి చస్తాను పో."

బిళ్ళలతో కొట్టి జెర్సీని రాల్చుదామన్న మహా ఆలోచన ఎవరిదో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, నాదే. నేను కొట్టిన బిళ్ళ పేలాల మిషన్లో పడి అక్కడే వేగింది. మా జట్టులో నోరు తెరవని లైల్ కొట్టింది గడియారాన్ని ఆపేసింది. అది చూసి ఆగలేక గార్త్ మనుషులు కూడా దిగారు. పుట్టి బుద్ధెరిగాక రెండు ఊళ్ళూ ఒకే వైపు ఆడడం చూడలేదు నేను. జనం పెరోగీల పళ్ళేలు నెత్తిన బోర్లించుకుని బెంచీల కింద దూరారు. అరిచే వాళ్ళు అరుస్తున్నారు, పళ్ళెంలో మిగిలింది తినే వాళ్ళు తింటున్నారు.

అప్పుడు మైరన్ కర్ర అందుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక్కటి పీకాడు. బిళ్ళ సరిగ్గా ముడికి తగిలింది. తాడు తెగింది. జెర్సీ గద్దలా చక్కర్లు కొట్టుకుంటూ దిగి, ఆయన తలమీదుగా జారింది, రెండు చేతులూ వాటంతటవే దాని చేతుల్లోకి దూరాయి. వాలీ ఈల ఊదాడు. ఆ ఊపులోనే మ్యాచ్ గెలిచాం, గెలిపించిన గోలు కూడా ఆయనదే.

ఆట ముగిశాక మేము మళ్ళీ తాడు పట్టుకుని నిలబడితే మైరన్ అడ్డుపడ్డాడు. పైన వేలాడే జెర్సీకి చెమట పట్టదనీ, అది ఆడేవాడి ఒంటిమీదే ఉండాలనీ చెప్పి లైల్‌ని పిలిచాడు. ఇప్పుడు మా కెప్టెన్ లైలే. జెర్సీ మోకాళ్ళదాకా ఉంటుంది, అయినా తీయడు.

ఇదంతా రాసి గిడ్డంగికి పట్టుకెళ్ళి మైరన్‌కి చదివి వినిపించాను. లారీ తూకం ఆపకుండానే చివరిదాకా విన్నాడు.

"నా దెబ్బ తగల్లేదు. లైటు పగిలింది. డార్లీన్ చర్చి నుంచి నిచ్చెన తెస్తే ఎక్కి విప్పుకున్నాను. మ్యాచ్ ఓడిపోయాం. జెర్సీ లైల్‌కి ఇచ్చిన మాట నిజం. ఉతికి ఇచ్చాను."