కత్తి పట్టే భుజం, ఎత్తకూడని బరువు

కొన్నేళ్ల కిందట, మామిడికాయల లారీలు చిత్తూరు రోడ్డును నింపేసే రోజుల్లో, తిరుపతిలోని ఒక జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌కు అసిస్టెంట్ ట్రైనర్‌గా చేరాను. నా మొదటి ఉద్యోగం అది. దాన్ని వదిలిన తీరు చెప్పడానికే ఇది రాస్తున్నాను. అసిస్టెంట్ చేసేది డంబెల్స్ అందించడం, లెక్కపెట్టడం, తిరిగి స్టాండులో సర్దడం. ఎవరు ఎంత బరువు ఎత్తాలో నిర్ణయించేది మాస్టర్. ఆయనకు అడ్డు చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. నాకైతే మామూలుగానే నోరు పెగలదు.

ఆ బ్యాచ్‌లోకి మునెమ్మ వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు గుండు కొట్టడం ఆమె పని. భక్తురాలు కింద కూర్చుంటే, తను గట్టు మీద కూర్చుని, మెడ వంచి, మోచెయ్యి పైకి లేపి కత్తి నడపాలి. షిఫ్టు అంతా అదే భంగిమ. మెడ నుంచి భుజం దాకా రాయిలా బిగుసుకుపోయి, చెయ్యి వణకడం మొదలైంది.

"వణికే చేతికి కత్తి ఇయ్యరు పాపా. ఎంటికలు చిమ్మే పనికి ఏస్తారు," అంది నాతో.

బిగిసింది ట్రెపీజియస్ కండరం. పుర్రె అడుగు నుంచి రెండు భుజాలకూ, వీపు మధ్యకూ గాలిపటంలా పరుచుకుని ఉంటుంది. పై భాగం భుజాలను ఎత్తుతుంది, నడిమి భాగం వాటిని వెనక్కి లాగుతుంది, కింది భాగం దించుతుంది. మునెమ్మకు పై భాగం అప్పటికే అలిసిపోయి ఉంది. బలం కావలసింది మిగతా రెండింటికి.

మాస్టర్ ఆమె పనేమిటో తెలుసుకున్నాడు గానీ, ఆ పని ఏ కండరం మీద పడుతుందో ఆలోచించలేదు. పెద్ద డంబెల్స్ చేతికిచ్చి, భుజాలను చెవుల దాకా ఎగరేసి గుండ్రంగా తిప్పమన్నాడు. బరువుతో అలా తిప్పకూడదు. నిటారుగా ఎత్తి, క్షణం ఆపి, నిదానంగా దించాలి. పైగా డంబెల్ చేతికి రాగానే మునెమ్మ అలవాటుకొద్దీ మెడ వంచి కిందికి చూసేది, ఎదురుగా ఎవరి తలో ఉన్నట్టు.

"తల ఎత్తమ్మా! ఈడ గుండు కొట్టించుకునేవాళ్లు ఎవురూ లేరు," అన్నాడు మాస్టర్. అద్దం దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నా ముందర కూసున్న పెద్దపెద్దోళ్లంతా తల వంచినోళ్లే సామీ. పైకి సూసే పని నాకు యాడ పడింది?" అంది మునెమ్మ.

ఈసారి అందరూ నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. ఇంకా బరువైనవి తెమ్మని నాకు చెప్పాడు.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నొప్పి తగ్గించమని వచ్చిన మనిషికి, ఎదురు మాట అన్నందుకు బరువు పెంచడమా? డంబెల్ శిక్ష వేయడానికా ఉన్నది? ఆమె చేతుల్లోవి తీసుకుని స్టాండులో పెట్టేశాను.

"తేను సార్. ఆ బరువు ఆమెకు కూడదు."

"అసిస్టెంటువి, అసిస్టెంటు మాదిరి ఉండు. లేదంటే రేపట్నించి రావొద్దు."

మర్నాడు వెళ్లలేదు.

మునెమ్మ ఇంటి మిద్దె మీద మళ్లీ మొదలుపెట్టాం. ముందు వేడి గుడ్డ కాపడం. తరువాత వాలుగా వేసిన బల్ల మీద బోర్లా పడుకుని, చిన్న డంబెల్స్‌ను మోచేతులు మడిచి వెనక్కి లాగడం, తలకు ముందు ఏటవాలుగా ఎత్తడం. మెడ బిగువు సడలాక, చివరికి నిలబడి తేలిక బరువుతో భుజాలెత్తడం. చూపు కిందికి జారకుండా గోడకు కంటి ఎత్తున ఆమె బొట్టుబిళ్లే అతికించాను. "ఇది ఎవురి నుదురు పాపా?" అని నవ్వేది.

మామిడి సీజన్ అయిపోయేసరికి గుండ్లు కొట్టే చోటి సూపర్‌వైజరు ఆమెను పిలిచి చెయ్యి చాపమన్నాడు. వణకలేదు. కత్తి ఆమె దగ్గరే ఉంది.

బరువు ఎంచే ముందు, ఆ మనిషి ఏ పని చేసి వచ్చిందో, ఆ పని ఎక్కడ నొప్పి పెట్టిందో అడగాలి. అడగనివాణ్ణి మాస్టర్ అని పిలవడం నేను మానేశాను.