వీపు లేని సర్పంచి

పుత్తూరులో షఫీవుల్లా స్టూడియోకి వెళ్లి నవ్వుతూ ఫోటో దిగినవాడు లేడు. "గడ్డం దించప్పా! ఇటు సూడు! నన్నే సూడు!" అని ఆయన వేసే కేకకు పెళ్లికొడుకులు కూడా బిగుసుకుపోయేవాళ్లు. ముప్పై ఏళ్లు అలా అరిచి అరిచి చుట్టుపక్కల జనానికి మంచి తర్ఫీదే ఇచ్చాడు. కెమెరా ఎటుంటే మొహం అటు తిరగాల్సిందే.

రెండువేల ఏడు నాటికి సెల్‌ఫోన్లలోకే కెమెరాలు వచ్చి కూర్చున్నాయి. "ఇంగ షఫీ పని అయిపాయలేప్పా" అని టీకొట్టు దగ్గర ఎవరో అన్న మాట ఆయనకు చెప్పులో రాయిలా గుచ్చుకుంది. ఈ ఊళ్లో ఇంకెవరికీ రాని విద్య చూపించి ఆ నోళ్లు మూయించాలని పంతం పట్టాడు. చెన్నై వెళ్లి మూడు రోజులు నేర్చుకొచ్చాడు. ఒక ఇంటి చుట్టూ తిరిగి నలభై ఫోటోలు తీసి ఇస్తే, కంప్యూటరు వాటిని అతికించి ఆ ఇంటిని ఉన్నదున్నట్టు తెర మీద నిలబెడుతుంది. ఏ పక్క నుంచి కావాలంటే ఆ పక్క నుంచి తిప్పి చూసుకోవచ్చు. షరతు ఒక్కటే. కెమెరా తిరగాలి, ఎదుట ఉన్నది కదలకూడదు.

మొదటి బేరం వడమాలపేట దగ్గరి పల్లె మాజీ సర్పంచి మునివెంకటప్పది. కొత్త మేడను గృహప్రవేశం నాడు పెద్ద తెర మీద తిప్పి చూపించాలట. మేడే ఎదురుగా ఉండగా బొమ్మ ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది? తోడల్లుడు కుళ్లుకోవాలి, అంతే. ఉత్త ఇంటిని ఫోటో తీస్తే అరిష్టమని తాను వాకిట్లో నిలబడతానన్నాడు.

"అన్నా, రాయి మాదిరి నిలబడాల. నేను నీ వెనక్కి పోయినా తిరగగూడదు."

"నేను కదిలితే అడుగబ్బా!"

షఫీవుల్లా మేడ చుట్టూ తిరిగాడు. భార్య షహర్‌బాను కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని వెంట నడిచింది. ఆయన ధ్యాసంతా తలుపు చెక్కడాల మీదే.

నాలుగు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు అతికించాడు. మేడ లేచి నిలబడింది. గడప పసుపు, మెట్ల నీడ, టేకు తలుపు మీది చిలకలు, అన్నీ అచ్చంగా వచ్చాయి. ఆయన కళ్లు చెమర్చాయి. తర్వాత మునివెంకటప్పను తిప్పాడు. ముందు మొహం. పక్కకు తిప్పితే మొహం. వెనక్కి తిప్పితే అక్కడా మొహమే, మీసంతో సహా. వీపు లేదు.

"కదలొద్దని మొత్తుకున్నా గదా, ఈ మనిషికి బుద్ధి లేదా?"

"ఆయన్నెందుకు తిడతావు?" అంది షహర్‌బాను. "ఫోటో ఫోటోకీ 'ఇటు సూడన్నా' అని అరిచింది ఎవురు? నలభై సార్లూ ఇన్నాను."

షఫీవుల్లా నాలుక కరుచుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. మళ్లీ తీద్దామంటే అప్పటికే మేడకు అడ్డంగా షామియానా వేసేశారు.

గృహప్రవేశం నాడు తెర మీద మేడ తిరిగింది. మునివెంకటప్ప మౌసు లాక్కుని తనను తాను మూడు చుట్లు తిప్పుకున్నాడు.

"షఫీ, ఎనకపక్క నా బట్టతల యాడబ్బా?"

"అది... రాలేదన్నా."

మునివెంకటప్ప అమాంతం కౌగిలించుకున్నాడు. తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశాడు. "ఎంత పనిమంతుడివప్పా! యా పక్క సూసినా నేనే ఉండాను!" తలుపు మీది చిలకలను ఒక్కరూ చూడలేదు. తోడల్లుడు గోవిందస్వామి అప్పుడే షఫీవుల్లా చెయ్యి పట్టుకున్నాడు. "నాకూ ఒకటి సెయ్యి. ఆయనకంటే ఒక మొహం ఎక్కువుండాల."

ఆ నెలంతా షఫీవుల్లాకు తీరిక లేదు. టీకొట్టు దగ్గర జనం లేచి చోటిస్తున్నారు. నేర్చుకున్న విద్యను పట్టించుకోని ఊరు తప్పుకు దండ వేసిందని ఆయనకు ఒళ్లు మండేది. తన వంతు వచ్చినప్పుడు గోవిందస్వామి మాత్రం చెప్పినట్టే రాయిలా నిలబడ్డాడు. షఫీవుల్లా కెమెరా స్టాండు ఎత్తుకుని అతని వెనక్కి వెళ్లాడు. చక్కటి వీపు. జీవితంలో మొదటిసారి దొరికిన వీపు. కాసేపు దాన్నే చూశాడు.

తర్వాత గొంతు సవరించుకుని, "ఇటు సూడన్నా!" అని అరిచాడు.