బిల్లుల మిషను ముందు లేచింది

మా ఆసుపత్రి నందిగామలో ఉంది. జగ్గయ్యపేటలో చిన్న శాఖ ఉంది, డయాలసిస్ అంతా అక్కడే. రెండు చోట్లా కంప్యూటర్లు చూసుకునేది నేనే. సర్వర్ మాత్రం నందిగామలో, సెల్లార్‌లో, పార్కింగ్ పక్క గదిలో ఉండేది. అక్కడ వద్దని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చెప్పాను. పైన గది ఇస్తే మంచాలు తగ్గిపోతాయన్నారు.

ఆ ఒక్క సర్వర్ లోపలే వేరువేరు కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మిషన్లు ఉండేవి. బిల్లులకొకటి, ల్యాబ్‌కొకటి, మందుల స్టాకుకొకటి, సిబ్బంది లాగిన్లు చూసేదొకటి. అన్నిటికంటే పెద్దది పేషెంట్ల ఫైళ్ళది. సర్వర్‌కి ఏమన్నా అయితే ఈ మిషన్లన్నీ క్లౌడ్‌లో, అంటే వేరేచోట అద్దెకి తీసుకున్న కంప్యూటర్ల మీద, లేచి పనిచేసేలా ప్లాను వెయ్యమని డైరెక్టర్‌గారు నన్ను పిలిచి చెప్పారు. ఆయన ఈ ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టర్‌గారి బావమరిది. వైద్యం చదవలేదు గానీ ఆసుపత్రి ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది.

నేను సంబరపడ్డాను. ఒక్కో మిషనుకి ఎంత మెమరీ కావాలి, రోజుకి ఎంత డేటా మారుతోంది, అది మా నెట్ లైను మీద సమయానికి క్లౌడ్‌కి చేరుతుందా, ఏది ముందు లేవాలి, ఎంతసేపట్లో లేవాలి, అన్నీ కొలిచాను. ఓపీ కిటకిటలాడే సోమవారాలే చూసి మరీ కొలిచాను. ఖాళీగా ఉండే ఆదివారం కొలిచి వేసిన ప్లాను అసలు రోజున నిలబడదు.

హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. డైరెక్టర్‌గారు నా లెక్కలు చూడలేదు, కన్సల్టెంట్ వేసిన నెలవారీ ఖర్చు చూశారు.

"ఈ పెద్దదేంటమ్మా?"

"పేషెంట్ల ఫైళ్ళండి. స్కాన్ బొమ్మలు కూడా దాంట్లోనే ఉంటాయి."

"ఇది తీసేయండి."

"తీసేస్తే ఎలాగండీ? డయాలసిస్ వాళ్ళ బరువులు, మందులు, అన్నీ అందులోనే కదా."

"వాళ్ళు వారం వారం వచ్చేవాళ్ళేగా. సిస్టర్లకి నోటికొచ్చేసుంటాయ్. ముందు బిల్లులు లేవాలి. అది లేస్తే ఆసుపత్రి లేచినట్టే."

"సార్, ఆ ఫైళ్ళ బ్యాకప్ కూడా అదే గదిలో, అదే ర్యాక్‌లో ఉంది. గది పోతే రెండూ పోతాయి."

"గది ఎందుకు పోద్దమ్మా?" అని నవ్వారు. కన్సల్టెంట్ కూడా నవ్వి, ఆ మిషనుని 'తర్వాత చూద్దాం' అన్న వరసలోకి జరిపేశాడు. అతను ఆ మిషనులో ఏముందో ఒక్క ప్రశ్న అడగలేదు. స్కాన్ బొమ్మలు వదిలేసి ఫైళ్ళయినా పంపుదామని నేనంటే, ఆ మాట గాల్లో ఉండగానే టీలు వచ్చాయి. ఇంటికెళ్ళి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను.

మరుసటి ఏడు వానాకాలంలో ఒకరోజు జగ్గయ్యపేట శాఖలో ప్రింటర్లు చూడ్డానికి వెళ్ళాను. సాయంత్రానికి వాన ఎక్కువై నందిగామ బస్సులు ఆపేశారు. డయాలసిస్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ వాళ్ళింట్లో ఉండిపోయాను. ఆమెది రెడ్డిగూడెం వైపు, నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. తెల్లారేసరికి మున్నేరు పొంగి హైవే మీదికొచ్చిందన్నారు. కాసేపటికి నందిగామ నుంచి వాచ్‌మన్ ఫోను. "మేడమ్, సెల్లార్‌లోకి నీళ్ళొచ్చేసినయ్. మీ గది తలుపు సగం మునిగింది."

అక్కతో పాటు వార్డుకెళ్ళి, అక్కడే నా ల్యాప్‌టాప్ తెరిచి క్లౌడ్‌లో మిషన్లు లేపడం మొదలుపెట్టాను. ప్లాను ప్రకారం లాగిన్ల మిషను, తర్వాత బిల్లులది లేచాయి. చక్కగా, చెప్పినంత సేపట్లోనే లేచాయి. కింద కౌంటర్‌లో అమ్మాయి సంతోషంగా "వచ్చేసింది మేడమ్!" అని కేకేసింది.

అప్పటికే మంచాల మీద పేషెంట్లున్నారు. డయాలసిస్ ఆగేది కాదు, రోడ్లు మూసేశారని రక్తం తనంతట తాను శుభ్రపడదు. వాళ్ళలో ఒకాయన రిటైరైన బడి మాస్టారు. అక్క ఆయన్ని తూకం వేసి నా దగ్గరికొచ్చింది.

"ఈయన డ్రై వెయిట్ ఎంతో చూడవా? పోయిన వారమే డాక్టర్‌గారు మార్చారు." నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువది. దాన్నిబట్టే ఎంత నీరు తియ్యాలో డయాలసిస్ మిషనుకి చెబుతారు.

"ఫైళ్ళు రాలేదక్కా."

"బిల్లులు వచ్చినయ్యంటగా?"

"అవి వచ్చాయి. ఇవి రావు."

పక్కనే మాస్టారి భార్య నిలబడి అంతా విన్నది. "అంటే డబ్బులు కట్టించుకోడానికి మాత్రం కంప్యూటరు లేచిందా అమ్మా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నా ఒళ్ళంతా మండిపోయింది.

డయాలసిస్ డాక్టర్‌గారు నందిగామలో ఉన్నారు, అక్కడి వార్డుల్లో నీళ్ళూ జనమూ, ఫోను ఎత్తడం లేదు. మాస్టారిని అడిగితే తన బరువు గురించి ఒకసారి ఒకటి చెప్పారు, ఇంకోసారి ఇంకొకటి. అక్క తనకు గుర్తున్న అంకె పెట్టింది. అది పాతది, కొత్తదానికంటే తక్కువ, దాంతో మిషను ఎక్కువ నీరు లాగేసింది. సగం దాటాక ఆయన కాలి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. "అబ్బా, అబ్బా" అంటూనే కళ్ళు తేలేశారు. బీపీ పడిపోయింది. అక్క డయాలసిస్ మిషను ఆపి, సెలైన్ పెట్టి, మంచం తలవైపు దించింది. నేను ఆయన పాదం పట్టుకుని వేళ్ళు పైకి వంచుతూ కూర్చున్నాను. అది తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. ల్యాప్‌టాప్‌లో బిల్లుల మిషను పక్కన పచ్చటి గుర్తు వెలుగుతూనే ఉంది.

ఆయన కోలుకున్నారు. కళ్ళు తెరిచి మా అక్కకే సారీ చెప్పారు, ఇబ్బంది పెట్టానని. అది విని నాకు ఏడుపు రాలేదు, ఎవర్నన్నా కొట్టాలనిపించింది.

నీళ్ళు తగ్గాక నందిగామలో మీటింగు పెట్టారు. డైరెక్టర్‌గారు అందరి ముందూ, "ఊరంతా మునిగినా మన సిస్టమ్స్ పూటలో లేచినయ్. ఆ క్రెడిట్ మేడమ్‌దే" అని శాలువా పట్టుకుని లేచారు. నేను లేవలేదు.

"ఫైళ్ళు లేవలేదండి. బ్యాకప్‌తో సహా బురదలో పోయినయ్. జగ్గయ్యపేటలో ఒకాయన మంచం మీద కళ్ళు తేలేశారు. అది కూడా చెప్పండి."

పెద్ద డాక్టర్‌గారు బల్ల వైపు చూస్తున్నారు.

"ప్రకృతి వైపరీత్యం అమ్మా. ఎవరేం చేస్తారు?" అన్నారు డైరెక్టర్‌గారు.

"నేను చేస్తానన్నానండి. మీరు తీసేయమన్నారు."

ఆయన శాలువా మడతపెట్టి కుర్చీ మీద పెట్టి, "సరేలే, ఆ పెద్దది కూడా కలిపేయండి" అన్నారు. కూరలో ఉప్పు తగ్గింది వెయ్యండి అన్నట్టు. నన్ను ఎక్కువ మండించింది ఆ తేలిక. అంత తేలిగ్గా అనగలిగే మాట ముందే అని ఉంటే ఏం పోయేది?

ఈసారి ప్లాను అక్కతో కూర్చుని వేశాను. ఏ మిషను ఆగితే ఎవరికి ఏమవుతుందని అడిగితే ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఫైళ్ళది లాగిన్ల వెంటనే, బిల్లులది చివర్న. పాత స్కాన్లని చవక నిల్వలోకి వేరుచేశాం, నెట్ లైను పెంచాం. పోయిన వివరాలు మాత్రం తిరిగి రాలేదు. పేషెంట్ల దగ్గరున్న కాగితాలు, ల్యాబ్ చీటీలు అడిగి తెచ్చుకుని సిస్టర్లు వారాల తరబడి మళ్ళీ ఎక్కించారు. వాళ్ళకి ఎవరూ శాలువా కప్పలేదు.

తర్వాత ఒక పగలు కొత్త సర్వర్‌ని కావాలనే ఆపి పరీక్ష పెట్టాం. డైరెక్టర్‌గారిని వార్డుకొచ్చి చూడమన్నాను. వస్తానని రాలేదు. జగ్గయ్యపేటలో అక్క మాస్టారి పేరు కొట్టింది. కొత్త డ్రై వెయిట్‌తో సహా ఫైలు తెరుచుకుంది. ఆ తెర ఫొటో తీసి డైరెక్టర్‌గారికి పంపాను. బొటనవేలు బొమ్మొకటి తిరిగొచ్చింది.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. అక్క ఇంకో పేషెంటుని తూకం దగ్గరికి పిలుస్తోంది.